తెల్ల పడుగు, గులాబి పేక

ఇత్తడి చెంబులో సగం దాకా నిప్పులు పోసి, మూతి మీద చిన్న పళ్ళెం బోర్లించి, వదిన చీర మీద అటూ ఇటూ నడుపుతున్నాను. తెల్లవారుజామున నా మొదటి పని అదే. నిప్పురవ్వ ఎగిరిపడితే తెల్లచీర మీద దాచుకోలేని మచ్చ పడుతుంది. అందుకని కళ్ళు చీర మీది నుంచి తీయకుండా, పక్కగదిలో వదిన దగ్గుతుంటే వింటున్నాను. దగ్గు ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలవుతోంది.

"ఇయ్యాళ కూడా పోతావా?" అని అమ్మ వంటింట్లోంచి అడిగింది.

"పోవాలి అత్తయ్యా," అంది వదిన.

ఆ చీరకు అంచు లేదు. కొంగులో గీత కూడా లేదు. మా నాన్న భావనారాయణ నేసిందే. మా ఇళ్ళలో కోడలి పెళ్ళిచీర మామగారి చేతి మీదుగా దిగాలి. కోటిరత్నం వదిన పెళ్ళిచీరను నాన్న మూడుసార్లు విప్పి నేశాడని అమ్మ చెబుతుంది. మా అన్నయ్య మార్కండేయులు పచ్చకామెర్లతో పోయాక, వదిన కట్టుకోవలసిన తెల్లచీరలు కూడా నాన్నే నేయవలసి వచ్చింది. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకటి నాన్నది, దాని మీద నూలిచ్చి కూలికి నేయించుకునే షావుకారు పని నడుస్తుంది. రెండోది అన్నయ్యది. అన్నయ్య మగ్గం మీద అప్పటినుంచీ తెల్ల పడుగు ఒక్కటే ఉండేది. షావుకారు పని లేని పూట నాన్న దాని మీద కూర్చుని నాలుగు మూరలు నేసి లేచేవాడు.

వదిన పర్చూరు దగ్గర పల్లెటూరి బడిపంతులు గారి కూతురు. పెళ్ళికి ముందే ఎస్సెస్సెల్సీ పాసైంది. అన్నయ్య పోయిన మరుసటేడు ఆమెకు బాపట్లలో ఒక సర్కారు ఆఫీసులో టెంపరరీ గుమాస్తా పని దొరికింది. పొద్దున పాసింజరుకి వెళ్ళి సాయంత్రం పాసింజరుకి చీరాలలో దిగేది. అమ్మకు అది ఇష్టం లేదు. నాన్న అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆ యేడు పుష్యమాసంలో మంచు బాగా పడింది. రైలు కిటికీలకు తలుపులు సరిగా పడేవి కావు. వదినకు దగ్గు పట్టుకుని రొమ్ములోకి దిగింది. డాక్టరు చూసి, "ఛాతీకి చలి తగలగూడదు. ఉన్ని బట్ట ఏదైనా వేసుకో. లేదంటే చలి పోయేదాకా ఇంట్లో పడుకో," అన్నాడు. పడుకుంటే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. టెంపరరీ పనికి అంతకన్నా భరోసా ఉండదు. ఆ సంగతి వదినకు తెలుసు, మాకూ తెలుసు.

"పోతే పోయింది. ఇంట్లో నూలు కండెలు చుట్టుకుంటే కడుపు నిండదా?" అంది అమ్మ.

వదిన తరవాత బావి దగ్గర బట్టలు పిండుతూ నాతో అంది:

"నాంచారీ, ఆఫీసులోకి పోగానే అటెండరు 'కోటిరత్నం గారూ, నమస్కారమండీ' అంటాడు. ముఖం చూసి అంటాడు. ఈ వీధిలో నా ముఖం చూసి మాట్లాడినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

మా వీధిలో తెల్లవారుతూనే పడుగులు సాగదీస్తారు. వీధి పొడుగునా దారాలు పరిచి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వుతారు. పడుగు మీద పని జరుగుతుండగా బొట్టులేని ఆడమనిషి ఎదురైతే పోగులు తెగుతాయని అందరికీ భయం. అందుకని వదిన ఏనాడూ వీధి గుమ్మం గుండా ఆఫీసుకు వెళ్ళలేదు. అమ్మ పెరటి తలుపు గడియ తీసి పట్టుకునేది. వదిన తల వంచుకుని, వీధివాళ్ళంతా తోడుకునే బావి పక్కనుంచి, గోడల వెనక సందులోంచి స్టేషనుకు వెళ్ళేది.

ఆ వారంలోనే వదిన ఆఫీసు నుంచి ఒక కాగితం పొట్లం తెచ్చింది. నన్ను గదిలోకి పిలిచి తలుపు చేరవేసి విప్పింది. గులాబి రంగు స్వెట్టరు. మెత్తగా, కొత్తగా ఉంది. ముందు వైపు తెల్లబొత్తాలు.

ఆఫీసులో టైపు కొట్టే మార్తమ్మ గారు అల్లిందట. ఆమె దొరసానుల మిషను బళ్ళో చదువుకున్న మనిషి, అల్లిక బాగా వచ్చు. చైనా యుద్ధం రోజుల్లో ఆఫీసు ఆడవాళ్ళంతా సిపాయిల కోసం స్వెట్టర్లు అల్లారు. ఎవరో పంపిన ఊలు ఉండల్లో ఈ గులాబి రంగువి కొన్ని వచ్చాయి. సిపాయిలకు గులాబి రంగు పనికిరాదు గదా, అవి అట్లాగే ఉండిపోయాయి. వదిన దగ్గు విని మార్తమ్మ గారు వాటిని బయటికి తీసింది.

"వేరే రంగు లేదా అని అడిగాను," అంది వదిన. "'ఊపిరితిత్తులు రంగు చూస్తాయా అమ్మా?' అని నవ్వింది."

వేసుకోమన్నాను. చీర మీద తొడుక్కుని బొత్తాలు పెట్టుకుంది. మెడ దగ్గర్నుంచి నడుము దాకా గులాబి రంగు. గోడకున్న చిన్న అద్దంలో మొహం మాత్రమే కనబడుతుంది. అందుకని నేనే అద్దం తీసి పైకీ కిందికీ పట్టుకున్నాను. ఆమె చూసుకుని చప్పున విప్పేసింది.

"ఇట్టా కాదు," అంది.

రెండోసారి స్వెట్టరు లోపల వేసి, కొంగు పైనుంచి తీసింది. ఇప్పుడు ఎడమవైపంతా తెలుపే, కుడిచెయ్యి మాత్రం గులాబి. చేతులు మోచేతుల దాకా మడిచింది. మడత లావై ముద్దలాగా నిలబడింది. మళ్ళీ దించింది. కొంగును వెనకనుంచి తిప్పి కుడిభుజం మీదుగా ముందుకు లాక్కుని రొమ్ము మీద పిన్ను పెట్టింది. అప్పుడు మణికట్ల దగ్గర రెండు వేళ్ళ వెడల్పు మాత్రమే కనబడింది.

"బాగుంది వదినా. ఏమీ తెలియడం లేదు."

"చెయ్యి ఎత్తు చూద్దాం," అని తనకు తనే చెప్పుకుని, గోడ మీద రాస్తున్నట్టు కుడిచెయ్యి ఆడించింది. పిన్ను లాగింది. కొంగు జారి గులాబి రంగంతా బయటపడింది. "రాసే పని గదా నాంచారీ. చెయ్యి ఆడకపోతే ఎట్టా?"

చివరికి పిన్ను భుజం మీదికి మార్చి, కొంగు చివర నడుములో దోపి, చెయ్యి ఆడేంత వదులు ఉంచాము. బొత్తాల్లో పైది పెట్టకుండా వదిలేస్తే మెడ దగ్గర కనబడలేదు. ఆ పద్ధతి కుదిరేసరికి కిటికీలో వెలుగు పోయింది. చాలా రోజుల తరవాత మా ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే ఆమెకు దగ్గొచ్చింది.

మర్నాడు అట్లా వేసుకునే వెళ్ళింది. అమ్మ గడియ తీసి పట్టుకుని, మణికట్టు వైపు చూసి, తలుపు వేసింది. నాలుగు రోజుల్లో దగ్గు సగానికి తగ్గింది. అయితే బావి దగ్గర ఎదురింటి అంకమ్మ చూడనే చూసింది. అంకమ్మ గొంతు వీధి ఆ చివరికి వినబడుతుంది.

"ఏందే రత్నం, చేతులకు గులాబీలు పూసినయ్యే! ఆఫీసుకా, పేరంటానికా?"

"చలి పిన్నీ," అంది వదిన.

"చలి మాకూ ఉందమ్మా. మాకు పూయలేదే! వెంకటేశ్వరమ్మొదినా, నీ కోడలి పెట్టెలో ఇంకా ఏం రంగులున్నయ్యో చూసుకో తల్లీ!"

బావి దగ్గర ఉన్నవాళ్ళు నవ్వారు. అమ్మ కూడా అక్కడే ఉంది. నిండని బిందె ఎత్తుకుని ఇంటికొచ్చేసింది. ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం నాన్న మగ్గం గుంటలోంచి లేచి కాళ్ళు కడుక్కుంటుండగా ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నేను దాన్ని చలికి చావమనటం లేదు," అంది. "నాకూ కడుపుకోత తెలుసు. ఆ రంగు ఒక్కటీ నా కళ్ళ ముందు వద్దు. నా కొడుకు పోయిన ఇల్లిది."

నాన్న కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. ఆయన మా వీధిలో రంగుల మనిషి. నూలుకు రంగు వేయించుకోవడానికి వేటపాలెం నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఆయన వేసిన నలుపు, చీర చిరిగినా దిగదనేవాళ్ళు. రాత్రి భోజనాలయ్యాక వదినను పిలిచాడు. ఆయన ఆమెను పిలవడమే అరుదు.

"అమ్మాయ్, ఆ చొక్కా ఇట్టా తే."

వదిన స్వెట్టరు తెచ్చి ఇచ్చింది. నాన్న దీపం దగ్గరికి పట్టుకుని, రెండు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూశాడు.

"మంచి అల్లిక. రేపు ఆదివారం గదా, నీకు దీంతో పని లేదు. బూడిద రంగు వేసి ఇస్తాను. ఎవరూ ఏమీ అనరు. సోమవారం వేసుకుని పో."

వదిన నా వైపు చూసింది. ఆయన మాటలో మంచితనం తప్ప మరేమీ లేదు. బూడిద రంగైతే బావి దగ్గర నవ్వులుండవు, అమ్మ అన్నం తింటుంది, వదిన ఆఫీసుకు పోవచ్చు. నాకు కూడా అది మంచి ఉపాయంగానే తోచింది.

"మీ ఇష్టం మామయ్యా," అంది వదిన.

పొద్దున పెరట్లో పొయ్యి వెలిగించి రంగు బాన ఎక్కించారు. నాన్న నూలుకు ఎట్లా చేస్తాడో అట్లాగే చేశాడు. నీళ్ళు మరిగాక కాస్టిక్ సోడా వేశాడు. నూలుకు రంగు పట్టాలంటే అది పడాల్సిందే, అది లేకుండా ఆయన ఏనాడూ రంగు వేయలేదు. రంగుపొడి కలిపి, కర్రతో తిప్పి, నీళ్ళ చుక్క గోరు మీద వేసుకుని చూశాడు. తరవాత స్వెట్టరును తడిపి, పసిబిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు దించినట్టు రెండు చేతులతో మెల్లగా బానలో దించాడు.

వదిన పెరటి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. అమ్మ పొయ్యిలోకి పుల్లలు తోస్తోంది.

మొదట ఒక వాసన వచ్చింది. వెంట్రుకలు కాలిన వాసన లాంటిది. నాన్న మొహం మారింది. కర్రతో అడుగునుంచి ఎత్తాడు. స్వెట్టరు కర్ర మీద నిలబడలేదు. ఒక చెయ్యి సాగి, జారి, తెగి బానలో పడింది. రెండోసారి ఎత్తితే బొత్తాల పట్టీ వచ్చింది, దాని చుట్టూ గంజి మీద మీగడలాగా జిగురు. నాన్న కర్ర పారేసి వేడినీళ్ళలో చెయ్యి పెట్టబోయాడు. అమ్మ కేక పెట్టి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఊలు గొర్రె వెంట్రుక," అన్నాడు నాన్న. ఎవరితోనూ కాదు. "నూలు కాదది. వెంట్రుక. సోడాకు ఆగదు. నాకు తట్టలేదు. నాకు తట్టనే లేదు."

బానను వంచేస్తే నీళ్ళు పెరడంతా పారాయి. నేలమీద నాలుగు తెల్లబొత్తాలు మిగిలాయి. వదిన చాట పక్కన పెట్టి వచ్చి వాటిని ఏరుకుంది. కడిగి కొంగున ముడివేసుకుంది.

"పోనీండి మామయ్యా. తెలిసి చేశారా?" అంది.

ఆయన ఆమె మొహం వైపు చూడలేకపోయాడు.

సోమవారం వదిన ఉత్త చీరతోనే వెళ్ళింది. అమ్మ గడియ తీసి పట్టుకుని, "పాత దుప్పటి ఏదన్నా కప్పుకో," అని నసిగింది. దుప్పటి కప్పుకుని ఆఫీసులో ఎట్లా కూర్చుంటుంది? మార్తమ్మ గారితో ఏం చెప్పావని సాయంత్రం అడిగాను. "ఉన్నది చెప్పాను. ఇంక ఊలు లేదంది. కళ్ళు తుడుచుకుంది," అంది వదిన. రెండు రోజుల్లో దగ్గు మళ్ళీ రొమ్ములోకి దిగింది. గురువారం జ్వరంతో వచ్చింది. ఆఫీసరు గారు, "ఒంట్లో బాగాలేకపోతే మానేయమ్మా, ఇంకొకరిని వేసుకుంటాం," అన్నాడట. కోపంగా అనలేదు, జాలిగానే అన్నాడట.

"ఆయన మంచిమాటే చెప్పాడు," అంది అమ్మ. "ఇంక కాగితం రాసిచ్చి వచ్చెయ్."

"సోమవారం దాకా చూస్తాను అత్తయ్యా. రేపూ ఎల్లుండీ సెలవడిగాను, ఆదివారం దాకా పడుకుంటాను."

"సోమవారానికి ఏం మారిపోద్ది?"

వదిన గోడవైపు తిరిగి పడుకుంది.

ఆదివారం నాటి స్వెట్టరు పనయ్యాక నాన్న మగ్గం శబ్దం వినబడలేదు. షావుకారు మనిషి వచ్చి అడిగితే, "చెయ్యి బాగాలేదు," అన్నాడు. గురువారం రాత్రి వదిన దగ్గు విన్నాడేమో, శుక్రవారం చీకటితోనే లేచి బాన కడుగుతున్నాడు. నేను లేచి వెళ్ళేసరికి పెరట్లో తీగ మీద నూలు చిలపలు ఆరుతున్నాయి. గులాబి రంగు. ఆ స్వెట్టరు రంగే. ఎండ పడితే ఒక్క ఛాయ ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"కండెలు చుట్టు. రెండు పోగులు కలిపి చుట్టు, లావుగా ఉండాలి," అన్నాడు నాతో.

షావుకారు చీరకు కొంగు రంగేమో అనుకుని రాట్నం ముందు కూర్చున్నాను. చుట్టిన కండెలు పట్టుకుని ఆయన తన మగ్గం దాటి అన్నయ్య మగ్గం మీద కూర్చున్నాడు. నాడెలో గులాబి కండె పెట్టి, తెల్ల పడుగులోకి విసిరాడు.

ఆ శబ్దానికి అమ్మ వంటింట్లోంచి వచ్చింది. తెల్ల పడుగు మీద వేలెడంత గులాబి రంగు అప్పటికే నిలిచింది.

"ఏం చేస్తన్నావు? మతి పోయిందా నీకు?"

నాన్న నేస్తూనే ఉన్నాడు.

"అది ఎవరి మగ్గం? ఆ పడుగు దేనికేసింది?"

"తెలుసు."

"రేపు వీధిలో అడిగితే ఏం చెబుతావు?"

"నేసినవాణ్ణి నేను. నన్నడగమను," అన్నాడు. కాసేపు నాడె ఆపి, "వాడుంటే ఆ చొక్కా నన్ను ముట్టుకోనిచ్చేవాడా, వెంకటేశ్వరమ్మా?" అన్నాడు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. తరవాత ఆ మూడు రోజులూ నాన్నకు అన్నం కంచం మగ్గం దగ్గరికే తెచ్చిపెట్టింది, మాట్లాడలేదు.

వదిన మంచంలోంచి ఆ శబ్దం విన్నది. అన్నయ్య మగ్గానికి ఒక కీచుమనే చప్పుడుంది, నాన్న మగ్గానికి లేదు. ఎవరు దేని మీద నేస్తున్నారో చూడకుండానే తెలుస్తుంది. ఏం నేస్తున్నాడని ఆమె నన్నడగలేదు. నేను రాట్నం దగ్గర గులాబి నూలు చుట్టడం మాత్రం చూసింది.

సోమవారం పొద్దున నేను చెంబులో నిప్పులు పోస్తుండగా నాన్న బట్ట కోసి తెచ్చాడు. శాలువా అంత ఉంది. రెండు మడతలు వేసి అంచులు తనే కుట్టాడు. పడుగు తెలుపు, పేక గులాబి కావడం వల్ల దూరంనుంచి చూస్తే తెల్లగానే ఉంది, దగ్గరికొస్తే గులాబి తేలుతోంది. గంజి వాసన ఇంకా పోలేదు. ఊలు వెచ్చదనం దానికి రాదు. అది నేసిన ఆయనకూ తెలుసు, చుట్టిన నాకూ తెలుసు. నాన్న దాన్ని వదిన పెట్టె మీద పెట్టి, వెళ్ళి తన మగ్గం గుంటలో దిగాడు.

వదిన ముఖం కడుక్కుని వచ్చి చూసింది. అరచేత్తో దాని మీద ఈ చివర్నుంచి ఆ చివరికి రాసింది. నేను ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది. తరవాత నేను పిన్ను పట్టుకుని నిలబడ్డాను, కొంగు కింద ఎట్లా సర్దాలా అని. ఆమె నా చేతిలో పిన్ను తీసుకుని, శాలువాను కొంగుపైనే కప్పుకుంది. రెండు భుజాల మీదుగా ముందుకు తెచ్చి, రొమ్ము మీద ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు వేసి, పిన్ను పెట్టింది. చెయ్యి ఎత్తి, గోడ మీద రాస్తున్నట్టు ఆడించింది. జారలేదు.

అమ్మ అప్పటికే పెరట్లో గడియ తీసి, తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

వదిన టిఫిను డబ్బా తీసుకుంది. పెరటి వైపు తిరిగింది. రెండడుగులు వేసి అన్నయ్య మగ్గం దగ్గర ఆగింది. దాని మీద కోయగా మిగిలిన తెల్ల పడుగు ఉంది. దాన్నే చూస్తూ కొంచెంసేపు నిలబడింది.

వీధిలో పడుగులు సాగదీస్తున్న మాటలు వినబడుతున్నాయి. గంజి కుండ ఎక్కడ పెట్టావని అంకమ్మ మొగుణ్ణి కేకలేస్తోంది.

వదిన వెనక్కి తిరిగి వీధి గుమ్మం వైపు నడిచింది. నాన్న నాడె చేతిలో పట్టుకుని ఆగాడు. "రత్నం," అని అమ్మ పెరట్లోంచి పిలిచింది, గట్టిగా కాదు. వదిన చెప్పులు తొడుక్కుని, గొళ్ళెం తీసి, గుమ్మం దాటి వెళ్ళిపోయింది.